ఆన్‌లైన్‌లో కొన్నది డూప్లికేట్ అని తేలితే: పార్సిల్ విప్పిన దగ్గర్నుంచి డబ్బు తిరిగొచ్చేదాకా

పాలకొల్లులో మాది జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. వారానికి ఒకరిద్దరైనా ఇదే సమస్యతో వస్తారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వస్తువున్న సంచి. "ఇది డూప్లికేటంట అండి, ఇప్పుడేం చెయ్యాలి?" నేను ముందు అడిగేది ఒక్కటే: "పార్సిల్ మీది కవరు ఏదండి?" చాలామందికి ఆ కవరు ఉండదు. చింపి చెత్తలో వేసేసుంటారు, లేదంటే నీళ్లు కాచే పొయ్యిలోకి వెళ్లిపోయుంటుంది. అక్కడే సగం పని చెడిపోతుంది.

అందరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను. వరసలో చేయండి. మధ్యలో డబ్బు వచ్చేస్తే అక్కడితో ఆపేయండి, చివరిదాకా వెళ్లక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. అమ్మకం పేజీలో "ఫస్ట్ కాపీ" అనో, "ఆ బ్రాండు టైపు" అనో రాసి ఉండి, మీరు తెలిసే కొన్నట్టయితే ఇది మీకు పనికిరాదు. అసలైనదని నమ్మించి నకిలీది అంటగట్టినప్పుడే ఈ దారి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పార్సిల్ పై కవరు, దాని మీది అడ్రసు స్టిక్కరుతో సహా. పంపినవాడి చిరునామా, కొరియర్ నంబరు దాని మీదే ఉంటాయి.
- లోపలి డబ్బా, ట్యాగులు, వారంటీ కార్డు, చిన్న ప్లాస్టిక్ కవర్లు కూడా.
- ఇన్వాయిస్. యాప్‌లో ఆర్డర్ తెరిస్తే డౌన్‌లోడ్ అవుతుంది.
- డబ్బు కట్టిన రుజువు: యూపీఐ స్క్రీన్‌షాట్, కార్డు మెసేజ్, లేదా క్యాష్ ఆన్ డెలివరీ అని ఇన్వాయిస్ మీద ఉన్న ముక్క.
- విప్పుతున్నప్పుడు తీసిన వీడియో, ఉంటే.
- ఒక తెల్లకాగితం. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరితో మాట్లాడారు, కంప్లయింట్ నంబరెంత అన్నది దాని మీద రాస్తూ పోండి. ఫోనులో కాదు, కాగితం మీదే. నెల తిరిగేసరికి దాని విలువ తెలుస్తుంది.

1. తీసుకునేటప్పుడే చూడండి

కవరు చిరిగి మళ్లీ టేపు వేసినట్టుంటే తీసుకోకండి, అక్కడికక్కడే తిప్పి పంపండి. ఫోన్లు, ఖరీదైన ఎలక్ట్రానిక్ వస్తువులకు చాలాచోట్ల ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటుంది. డెలివరీ అబ్బాయే మీ ముందు విప్పి చూపించాలి. చూశాకే ఓటీపీ చెప్పండి. "టైం లేదండి, ముందు ఓటీపీ చెప్పండి, తర్వాత చూసుకోండి" అంటే ఒప్పుకోవద్దు. ఓటీపీ చెప్పారంటే సరుకు బాగుందని మీరు ఒప్పుకున్నట్టే లెక్క కడతారు.

లంక గ్రామాలవాళ్లకు ఇక్కడో ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. పార్సిల్ ఇంటిదాకా రాదు. రేవు దగ్గర కిళ్లీ కొట్లోనో, రోడ్డు మీద తెలిసినవాళ్ల దుకాణంలోనో ఇచ్చేసి, యాప్‌లో "డెలివర్డ్" అని కొట్టేస్తారు. మీరు రెండు రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకుంటారు. కానీ రిటర్న్ గడువు మాత్రం ఆ "డెలివర్డ్" అన్న రోజు నుంచే లెక్క. సఖినేటిపల్లి నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి మా దగ్గరికి వచ్చిన ఒకావిడకు 7 రోజుల గడువులో మిగిలింది ఒక్క రోజు. కాబట్టి మెసేజ్ రాగానే తెప్పించుకోండి. వస్తువు చేతికి అందకుండానే డెలివర్డ్ అని పడితే, ఆ రోజే యాప్ చాట్‌లో "నాకు ఇంకా అందలేదు" అని ఒక ముక్క రాసి పెట్టండి.

2. విప్పేటప్పుడు వీడియో తీయండి

వీడియో లేకపోతే కేసు లేదని కాదు. ఉంటే "మీరే మార్చారు" అనే మాట రాదు. పద్ధతి ఇది:

పార్సిల్‌ను బల్ల మీద పెట్టి, ముందు అడ్రసు స్టిక్కరు చదవగలిగేలా దగ్గరగా చూపించండి. తర్వాత ఆరు వైపులా తిప్పండి. అప్పుడు కోయండి. వస్తువును తీసి, సీరియల్ నంబరు, తయారీ వివరాలున్న చోట ఆగి చూపించండి. మొదటి నుంచి చివరిదాకా ఒకటే వీడియో, మధ్యలో ఆపకూడదు, వస్తువు ఫ్రేము దాటిపోకూడదు. ఒక చేత్తో కుదరదు, ఇంట్లో పిల్లలకు ఫోనివ్వండి. వాళ్లు మనకంటే బాగా తీస్తారు.

ఆ వీడియోను వాట్సాప్‌లో ఒకరికి పంపి, మీ ఫోనులోది తుడిచేయకండి. వాట్సాప్‌లో వెళ్తే నాణ్యత తగ్గి, సీరియల్ నంబరు మసకబారుతుంది.

ఇప్పటికే విప్పేశారా? పర్లేదు. కవరు, డబ్బా, వస్తువు మూడూ పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో ఫొటోలు తీయండి.

3. నిజంగా నకిలీయేనా, తేల్చుకోండి

అనుమానం వేరు, ఆధారం వేరు. "చూస్తే డూప్లికేట్‌లా ఉంది" అని రాసిన కంప్లయింట్‌కు బలం లేదు. ఏది ఎలా చూడాలో చెబుతాను.

నా సంగతే చెబుతాను ముందు. పోయినేడాది ఒక పేరున్న కంపెనీ పవర్‌బ్యాంకు తెప్పించాను, పదివేల ఎంఏహెచ్‌ది. డబ్బా బాగానే ఉంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిగ్గా అనిపించింది. పక్కనున్న కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 134 గ్రాములు. కంపెనీ సైటులో అదే మోడల్ బరువు 220 అని ఉంది. కాటా మీద వస్తువు, పక్కన సైటు పేజీ తెరిచిన ఇంకో ఫోను, రెండూ కనపడేలా ఒక ఫొటో తీశాను. నేను రాసిన పేరాలన్నిటికంటే ఆ ఒక్క ఫొటోయే ఎక్కువ పనిచేసింది. బరువు చూడటం చాలా తేలికైన పరీక్ష. ఎవరూ చేయరు.

ఛార్జర్లు, పవర్‌బ్యాంకులు: వస్తువు మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు "ఆర్" అక్షరం, గీత, 8 అంకెల నంబరు ఉండాలి. ఫోనులో "బీఐఎస్ కేర్" యాప్ వేసుకుని ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, వస్తువు రకం వస్తాయి. వేరే పేరు వచ్చినా, నంబరే లేదన్నా స్క్రీన్‌షాట్ తీయండి.

హెల్మెట్లు, ప్రెషర్ కుక్కర్లు: ఐఎస్ఐ గుర్తు, కింద "సీఎం/ఎల్" తో మొదలయ్యే లైసెన్సు నంబరు. ఇదీ అదే యాప్‌లో చూడొచ్చు. హెల్మెట్‌కు పైన ఐఎస్ 4151 అని, కుక్కర్‌కు ఐఎస్ 2347 అని ఉంటుంది. కుక్కర్ల విషయం తేలిగ్గా తీసుకోకండి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నాణ్యతా ప్రమాణాలు పాటించని కుక్కర్లను అమ్మనిచ్చినందుకు రెండు పెద్ద ప్లాట్‌ఫారాలకు (షాపింగ్ యాప్‌లకు) లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇమ్మంది.

మొబైల్ ఫోన్లు: డయల్ చేసే చోట *#06# కొడితే ఐఎంఈఐ అనే 15 అంకెల ఫోను గుర్తింపు నంబరు వస్తుంది. మెసేజ్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి పంపండి. ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది తిరిగొస్తుంది. డబ్బా మీది నంబరు, ఫోనులో వచ్చిన నంబరు ఒకటేనా అన్నది కూడా చూడండి.

బంగారం: హాల్‌మార్క్‌తో పాటు హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉంటుంది, అక్షరాలు, అంకెలు కలిపి ఆరు. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్‌లోనే సరిచూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో బంగారం కొనడం నాకైతే నచ్చదు, అది వేరే సంగతి.

తినే వస్తువులు: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరును వాళ్ల సైటులో వెతికితే తయారీదారు పేరు, ఊరు వస్తాయి. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు పెట్టెల మీద ఇంకా ఎక్కువ కనిపిస్తోంది. హైదరాబాదులో ఉన్న మావాడు తెప్పించుకున్న పెట్టె మీద "ఆత్రేయపురం" అని పెద్ద అక్షరాలు, లైసెన్సు చిరునామా చూస్తే గోదావరి ఛాయలకే లేదు. రుచి చూసి కనిపెట్టేలోపు ఇలా కనిపెట్టొచ్చు.

చీరలు: మాకు ఎక్కువగా వచ్చేది "ఉప్పాడ" అని చెప్పి అంటగట్టిన పవర్‌లూమ్ చీరలు. అసలు ఉప్పాడ జమదానీలో బుటా ముందు వైపు, వెనక వైపు ఒకేలా కనిపిస్తుంది. వెనక దారాలు వేలాడుతుంటే, లేదా బుటాకీ బుటాకీ మధ్య పొడుగాటి దారాలు కత్తిరించిన ఆనవాళ్లుంటే అది జమదానీ కాదు. సఖినేటిపల్లి నుంచి వచ్చిందని చెప్పానే, ఆవిడ చీరే ఇది. ముందు నుంచి చూస్తే ముచ్చటగానే ఉంది. కొంగు తిరగేసేసరికి వెనకంతా నూగు నూగుగా కత్తిరించిన దారాలు. పట్టు అవునా కాదా అన్న అనుమానం ఉంటే సిల్క్ మార్క్ లేబుల్ చూడండి, దాని మీద నంబరును సరిచూసుకోవచ్చు. దారం కాల్చి చూడటం అందరికీ తెలిసిందే: పట్టయితే వెంట్రుక కాలిన వాసన, వేళ్లతో నలిపితే పొడి అయ్యే బూడిద. పాలిస్టరయితే కరిగి గట్టి ముద్దవుతుంది. కానీ రిటర్న్ గడువులో ఉండగా ఈ పని చేయకండి. చీర పాడుచేశారంటారు.

మందులు: ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే బ్యాచి నంబరు, గడువు వస్తాయి, స్ట్రిప్ మీదున్నవాటితో పోల్చండి. తేడా ఉంటే ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి. పురుగుమందులయితే మూత తీయని సీసా ఒకటి అలాగే ఉంచి, రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడికి చూపించండి. అంతా కొట్టేశాక వస్తే పరీక్షకు పంపడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. నంబరు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు. నకిలీ చేసేవాడు అసలు వస్తువు మీది నంబరే కాపీ కొట్టి అచ్చేస్తాడు. నంబరు తప్పితే నకిలీ అని గట్టిగా చెప్పొచ్చు. సరిపోతే మాత్రం బరువు, అచ్చు, స్పెల్లింగు, కంపెనీ జవాబు ఇవన్నీ చూడాలి.

4. సెల్లర్ ఎవరో పట్టుకోండి, పేజీ దాచుకోండి

రిటర్న్ పెట్టక ముందే చేయాల్సిన పని ఇది. కంప్లయింట్ పడగానే కొందరు సెల్లర్లు ఆ పేజీ మార్చేస్తారు, తీసేస్తారు. ఫొటోలు, ధర, "నూరు శాతం ఒరిజినల్" అన్న మాట, సెల్లర్ పేరు, తయారైన దేశం, రిటర్న్ షరతులు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయండి, పైన తేదీ కనిపించేలా.

ఇన్వాయిస్ మీద సెల్లర్ జీఎస్టీ నంబరు ఉంటుంది, అంకెలు, అక్షరాలు కలిపి 15. దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతకొచ్చు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: 37 అంటే మన ఆంధ్ర, 36 తెలంగాణ, 07 ఢిల్లీ, 24 గుజరాత్. రిజిస్ట్రేషన్ "క్యాన్సిల్డ్" అని వస్తే దానికీ స్క్రీన్‌షాట్.

5. యాప్‌లో రిటర్న్ పెట్టండి, కారణం సరిగ్గా ఎంచుకోండి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. తొందరగా అయిపోతుందని "నాకు నచ్చలేదు", "సైజు సరిపోలేదు" అని కొట్టేస్తారు. అలా కొడితే అది మామూలు రిటర్న్. రేపు "నకిలీ ఇచ్చారు" అని మీరెక్కడికి వెళ్లినా, మీ చేత్తో మీరు రాసిందే మీకు అడ్డమొస్తుంది. "నకిలీ వస్తువు", "అసలుది కాదు", "చూపించింది వేరు, ఇచ్చింది వేరు" లాంటి కారణమే ఎంచుకోండి.

"రీప్లేస్‌మెంట్" కాదు, "రీఫండ్" అడగండి. అదే సెల్లర్ దగ్గర్నుంచి ఇంకోటి వస్తే అదీ ఆ గంపలోదే కదా. రీఫండ్ కూడా యాప్ వాలెట్‌లోకి కాదు, మీరు కట్టిన ఖాతాకే అని ఎంచుకోండి.

వివరాల పెట్టెలో తిట్లు వద్దు. ఇలా రాస్తే చాలు, ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే:

"ఫలానా తేదీన అందిన ఈ వస్తువు నకిలీది. దీని మీది రిజిస్ట్రేషన్ నంబరు బీఐఎస్ యాప్‌లో వేరే కంపెనీ పేరు చూపిస్తోంది. బరువు కంపెనీ చెప్పినదానికంటే 86 గ్రాములు తక్కువ. ఫొటోలు, విప్పిన వీడియో జతచేశాను. పూర్తి డబ్బు నేను చెల్లించిన ఖాతాకు తిరిగి ఇవ్వండి."

"ఈ వస్తువుకు రిటర్న్ లేదు" అని పేజీలో ఉందా? కంగారు పడకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ అయినా, లోపమున్నా, చెప్పినట్టు లేకపోయినా సెల్లర్ వెనక్కి తీసుకోనని అనకూడదు. చాట్‌లో ఆ ముక్క రాయండి. మొదట వచ్చేది యంత్రం జవాబు. మనిషితో మాట్లాడాలని అడుగుతూ ఉండండి, చాట్ మొత్తానికి స్క్రీన్‌షాట్లు తీయండి.

6. వెనక్కి ఇచ్చే రోజు

వస్తువు మీ చేతి నుంచి పోయాక మీ దగ్గర మిగిలేది ఫొటోలే. పికప్ అబ్బాయి రాకముందే సీరియల్ నంబరు దగ్గరగా ఫొటో తీయండి. అతని ముందే ప్యాక్ చేసి, చిన్న వీడియో తీయండి. "పికప్ పూర్తయింది" అనే మెసేజ్ వచ్చేదాకా అతణ్ని గుమ్మం దాటనివ్వకండి. మర్యాదగానే చెప్పండి, అతను జీతానికి పనిచేసే కుర్రాడు, నకిలీ చేసినవాడు కాదు.

ఒక్కోసారి వాళ్లు వచ్చి "బ్రాండు ట్యాగు లేదు, తీసుకోను" అని వెళ్లిపోతారు, యాప్‌లో మాత్రం "కస్టమర్ రద్దు చేశారు" అని పడుతుంది. వెంటనే చాట్‌లో రాయండి: నేను రద్దు చేయలేదు, ఇన్ని గంటలకు వచ్చి తీసుకోకుండా వెళ్లారు. మర్నాటికి వదిలేయకండి.

7. కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి

డబ్బు తేలిగ్గా వచ్చేస్తుంటే ఇది అక్కర్లేదు. వస్తువు ఖరీదైనదై, సెల్లర్ మొండికేస్తే మాత్రం ఇంతకు మించిన ఆధారం లేదు. అసలు బ్రాండు కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి: సీరియల్ నంబరు, ఫొటోలు, సెల్లర్ పేరు. "ఇది మీ ఉత్పత్తేనా?" అని ఒకే ప్రశ్న. భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో సర్వీస్ సెంటరుంటే పట్టుకెళ్లండి. "నకిలీ" అని రాసివ్వడానికి వాళ్లు జంకుతారు. అప్పుడు మాట మార్చి అడగండి: "ఈ సీరియల్ నంబరుకు వారంటీ లేదని రాసివ్వండి చాలు." అది రాసిస్తారు. మీకు కావాల్సిందీ అదే.

8. గ్రీవెన్స్ ఆఫీసర్

కస్టమర్ కేర్ వేరు, గ్రీవెన్స్ ఆఫీసర్ వేరు. ప్రతి ప్లాట్‌ఫారం ఒకరిని పెట్టి, పేరు, మెయిల్ సైటులో చూపించాలి. సైటు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతకండి. ఆ అధికారి మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మీ కాగితం మీద మెయిల్ పంపిన తేదీ రాసి, దాని కింద 48 గంటల తేదీ, నెల తేదీ రాసుకోండి.

అదే మెయిల్‌లో సెల్లర్ పూర్తి చిరునామా కూడా అడగండి. కొన్నవారు రాసి అడిగితే అది ఇవ్వాలన్నది నిబంధన. ముందు ముందు కేసు వేయాల్సి వస్తే ఆ చిరునామాతోనే పని.

9. 1915

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఫోను కలవకపోతే 8800001915కి వాట్సాప్ చేయొచ్చు, వాళ్ల సైటులోనూ పెట్టొచ్చు. ఆర్డర్ నంబరు, తేదీలు, ఎంత డబ్బు, ఏం కావాలి ఇవి ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. వాళ్లిచ్చే డాకెట్ నంబరు (మీ ఫిర్యాదు నంబరు) రాసుకోండి. ఇది కోర్టు కాదు, ఉత్తర్వు వేయదు. కానీ పెద్ద ప్లాట్‌ఫారాలకు ఫిర్యాదు నేరుగా చేరుతుంది. వారంగా పలకని ప్లాట్‌ఫారం వాళ్లు మా షాపులోంచి 1915కి పెట్టాక పలకడం చాలాసార్లు చూశాను. నా పవర్‌బ్యాంకు డబ్బు వచ్చింది కూడా ఈ మెట్టు మీదే.

కార్డుతో కట్టినవాళ్లు ఇదే సమయంలో బ్యాంకుకు కూడా రాయండి. "నకిలీ వస్తువు వచ్చింది, ఛార్జ్‌బ్యాక్ కావాలి" అని అడగాలి. అంటే కార్డు మీద పోయిన డబ్బును బ్యాంకే వెనక్కి తెప్పించడం. గడువు బ్యాంకును బట్టి మారుతుంది కాబట్టి ఆలస్యం వద్దు. క్యాష్ ఆన్ డెలివరీకి ఈ సదుపాయం ఆశించకండి.

10. ఏదీ పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్

కేసు అనగానే భయపడతారు. నాలుగు సంగతులు తెలిస్తే చాలు. మీరుండే చోటే వేయొచ్చు, సెల్లర్ ఢిల్లీలో ఉన్నా సరే. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.

వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. సెల్లర్‌ను, ప్లాట్‌ఫారాన్ని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒక్క సెల్లర్‌నే పెడితే, రేపు ఆ చిరునామాలో తలుపుకు తాళం ఉంటుంది. తేదీల వరస, ఆధారాలు, అఫిడవిట్ జతచేయాలి. ఏం కావాలో అంకెల్లో రాయండి: వస్తువు ధర, ఖర్చులు, పరిహారం. 900 రూపాయల ఇయర్‌ఫోన్లకు 5 లక్షల పరిహారం అడిగినవాళ్లను చూశాను, అది మన మాట విలువే తగ్గిస్తుంది. వేసే ముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపి 15 రోజులు చూడండి. తప్పనిసరి కాదు గాని, చాలా వ్యవహారాలు అక్కడే తెగిపోతాయి.

ఎన్నాళ్లు పడుతుందంటే, పరీక్షలు అవసరం లేని కేసును 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఎక్కువే పట్టొచ్చు అనుకుని దిగండి. నాలుగొందల రూపాయల వస్తువుకైతే నేను 1915 దగ్గరే ఆగిపొమ్మంటాను.

ఇన్‌స్టాగ్రామ్ పేజీలో, వాట్సాప్ గ్రూపులో కొన్నారా?

అక్కడ రిటర్న్ బటన్ ఉండదు, మీ కొనుగోలు సంగతి చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండడు. డబ్బు పంపాక నంబరు బ్లాక్ చేసి మాయమైతే అది మోసం. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇక్కడ గంటలు కూడా లెక్కే. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే ఆపే వీలుంటుంది.

కంప్లయింట్ పెట్టాక వచ్చే రెండో మోసం

దీని గురించి గట్టిగా చెప్పాలి. డబ్బు రాలేదన్న కోపంలో గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబరు" అని వెతుకుతారు. పైన వచ్చే నంబర్లలో దొంగవీ ఉంటాయి. వాడు చాలా మర్యాదగా "ఆయ్, చెప్పండి సార్" అన్నట్టే మాట్లాడి, ఒక యాప్ వేసుకోమంటాడు. దాంతో మీ ఫోను తెర వాడికి కనిపిస్తుంది. లేదా "రీఫండ్ పంపుతున్నాం, పిన్ కొట్టండి" అంటాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొడితే పోవడమే. మా షాపుకు ఒక పెద్దాయన వచ్చారు, 1,200 రూపాయల చెప్పుల రీఫండ్ కోసం వెళ్లి 18 వేలు పోగొట్టుకున్నారు. యాప్‌లో, ఇన్వాయిస్ మీద ఉన్న నంబరు తప్ప ఇంకోటి వాడకండి.

సెల్లరే నేరుగా ఫోన్ చేసి "కంప్లయింట్ తీసేయండి, డబ్బు గూగుల్ పే చేస్తాను" అంటే, ముందు డబ్బు, తర్వాత మాట. డబ్బు పడకుండా ఫిర్యాదు మూసేస్తే మళ్లీ తెరవడం కష్టం.

పని అయిందో లేదో చూసుకోవడం

యాప్‌లో "రీఫండ్ పూర్తయింది" అని కనిపిస్తే డబ్బు వచ్చేసినట్టు కాదు. అక్కడ రిఫరెన్స్ నంబరు ఉంటుంది, దాన్ని రాసుకుని బ్యాంకు పాస్‌బుక్‌లోనో యాప్‌లోనో వెతకండి. అంకె సరిపోయిందా? డెలివరీ ఛార్జీ కోసేశారా? నకిలీ ఇచ్చినప్పుడు ఆ ఛార్జీ కూడా రావాలని అడగండి. క్యాష్ ఆన్ డెలివరీ అయితే మీరిచ్చిన ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా ఆగిపోతుంది, దాన్ని ముందు సరిచూడండి. 1915 వాళ్ల మెసేజ్‌లో "పరిష్కరించబడింది" అని ఉండి మీకు డబ్బు రాకపోతే, అదే డాకెట్ నంబరుతో మళ్లీ ఫోన్ చేసి అందలేదని చెప్పండి.

వస్తువు మీ దగ్గరే ఉంచుకోమని డబ్బిచ్చేస్తే, ఛార్జర్లు, పవర్‌బ్యాంకుల్లాంటివి వాడకండి, పిల్లలకు ఆడుకోవడానికీ ఇవ్వకండి. నాది టేపు చుట్టి, షాపులో అద్దాల బీరువాలో పెట్టాను. పక్కనే అదే మోడల్ అసలుది. అనుమానంతో వచ్చినవాళ్ల చేతిలో రెండూ పెడతాను, ఏది ఏదో చెప్పమంటాను.